కుంపట్లు ఎన్నయినా, బావి ఎవరిది? యూనిక్స్ నుంచి లినక్స్ దాకా చీలికల చరిత్ర



కాలేజీలో లినక్స్ మాట వచ్చిన ప్రతిసారీ విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, విండోస్ అంటే ఒక్కటే విండోస్. లినక్స్ అంటే మాత్రం ఒకరు ఉబుంటు అంటారు, ఒకరు ఫెడోరా అంటారు, ఇంకొకరు డెబియన్, మింట్ అంటారు. ఇన్నెందుకు? అందరూ కలిసి ఒక్కటే చేసి ఉంటే ఈపాటికి మైక్రోసాఫ్ట్‌ని దాటేసేవాళ్లు కదా?"

మంచి ప్రశ్న. సంఘాల్లో పనిచేసేవాళ్లకు ఇది మరీ బాగా తెలిసిన ప్రశ్న. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేక ఈ వ్యాసం రాస్తున్నాను.

తెలుగు లెక్చరర్‌కి ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఏం పని అని కూడా కొందరు అడిగారు. నా పని అక్షరాలతో. ఇవాళ తెలుగు అక్షరం కాగితం మీద కన్నా ఫోన్లో, కంప్యూటర్లో ఎక్కువ బతుకుతోంది. అది ఎలా కనబడాలో, అసలు కనబడాలో వద్దో తేల్చేది ఆపరేటింగ్ సిస్టమ్. అందుకే దాని చరిత్ర మనకు కావాలి.

ముందు ఒక మాట తెలుసుకుందాం: ఫోర్క్. ఒక సాఫ్ట్‌వేర్ కోడ్‌ని కాపీ చేసుకుని, పాత బృందం నుంచి విడిపోయి, వేరుగా అభివృద్ధి చేసుకోవడం. మన మాటల్లో వేరుకుంపటి పెట్టుకోవడం. ఇలా విడిపోవడాన్ని మెచ్చుకునేవాళ్లు వైవిధ్యం అంటారు. తప్పుపట్టేవాళ్లు ఫ్రాగ్మెంటేషన్ అంటారు, అంటే ముక్కలు ముక్కలైపోవడం.

యాభై ఏళ్ల ఈ చరిత్ర చదివాక నాకు తేలింది ఇది. కుంపట్లు ఎన్ని అని లెక్కపెట్టి లాభం లేదు. అందరూ నీళ్లు తోడుకునే బావి ఎవరి చేతిలో ఉందో చూడాలి. ఆ బావి సోర్స్ కోడ్. ప్రోగ్రామర్ రాసిన అసలు పాఠం అది. అది లేకపోయినా ప్రోగ్రాముని వాడుకోవచ్చు. కానీ చదివి నేర్చుకోలేం, దిద్దుకోలేం. నీళ్ల మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న ఎంత పెద్దదో నా పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

1. తెరిచి ఉన్న రోజులు

1969లో అమెరికాలో, ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీకి చెందిన బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ, వాళ్ల సహచరులు యూనిక్స్ మొదలుపెట్టారు. 1973లో దాన్ని సీ భాషలో తిరగరాశారు. దాంతో ఒక మెషీన్ నుంచి ఇంకో రకం మెషీన్‌కి తీసుకెళ్లడం తేలికైంది.

ఇక్కడ చట్టం చేసిన మేలు ఒకటుంది. ఏటీ అండ్ టీ గుత్తాధిపత్యం మీద అమెరికా ప్రభుత్వం వేసిన కేసు 1956లో ఒప్పందంతో ముగిసింది. దాని ప్రకారం ఆ కంపెనీ టెలిఫోన్ వ్యాపారం దాటి బయటికి రాకూడదు. కాబట్టి యూనిక్స్‌ని సరుకు చేసి అమ్ముకునే దారి లేదు. యూనివర్సిటీలు అడిగితే నామమాత్రపు ధరకు లైసెన్స్ ఇచ్చి, సోర్స్ కోడ్‌తో సహా టేపులు పంపేవాళ్లు. తప్పులొస్తే దిద్దే బాధ్యత మాత్రం కంపెనీది కాదు. అందువల్ల వాడేవాళ్లే తప్పులు దిద్దుకున్నారు. దిద్దినవాటిని ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నారు.

అలా తోడుకున్నవాళ్లలో ముఖ్యులు కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు. 1978లో బిల్ జాయ్ అనే విద్యార్థి తమ చేర్పులన్నీ కలిపి బీఎస్‌డీ పేరుతో పంచిపెట్టాడు. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీలో టీసీపీ/ఐపీ ఉంది. ఇవాళ ఇంటర్నెట్ మాట్లాడే భాష అదే. ఒక చీలిక కొమ్మకు కాసిన కాయ లోకమంతా తింటోందన్నమాట.

ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు ఇంకో పని చేశాడు. యూనిక్స్ ఆరో వెర్షన్ కెర్నల్ సోర్స్‌ని అచ్చు వేయించి, దానికి వ్యాఖ్యానం రాసి క్లాసులో పాఠం చెప్పాడు. కాళిదాసుకి మల్లినాథసూరి ఎలాగో, యూనిక్స్‌కి లయన్స్ అలాగ. అయితే 1979లో ఏడో వెర్షన్ వచ్చేసరికి ఏటీ అండ్ టీ లైసెన్స్ మార్చింది. సోర్స్ కోడ్‌ని తరగతి గదిలో బోధించకూడదంది. పాఠం ఉంది, పంతులు ఉన్నాడు, పిల్లలు ఉన్నారు. చదవడానికి అనుమతి లేదు. లయన్స్ వ్యాఖ్యానం ఫొటోకాపీల మీద ఫొటోకాపీలుగా చేతులు మారింది. పుస్తకంగా బహిరంగంగా అచ్చయింది 1996లో.

బావికి పడ్డ మొదటి తాళం అది.

2. యూనిక్స్ యుద్ధాలు

1984 జనవరి 1న ఏటీ అండ్ టీ విభజన అమల్లోకి వచ్చింది. ప్రాంతీయ టెలిఫోన్ కంపెనీలు విడిపోయాయి. బదులుగా, కంప్యూటర్ వ్యాపారం చేసుకునే స్వేచ్ఛ ఆ కంపెనీకి దొరికింది. ఇక యూనిక్స్ సరుకైపోయింది. డబ్బు కట్టి లైసెన్స్ కొన్న ప్రతి కంపెనీ తన యూనిక్స్ తను చేసుకుంది. సన్ కంపెనీది సన్ఓఎస్, ఐబీఎంది ఏఐఎక్స్, హెచ్‌పీది హెచ్‌పీ-యూఎక్స్, డిజిటల్‌ది అల్ట్రిక్స్. ప్రతి ఒక్కరూ కొంచెం మార్చారు. మార్చిన భాగాన్ని దాచుకున్నారు. ఒక యూనిక్స్ మీద రాసిన ప్రోగ్రాం ఇంకోదాని మీద నడవాలంటే మళ్లీ చెమటోడ్చాల్సిందే.

1987లో ఏటీ అండ్ టీ, సన్ చేతులు కలిపాయి. మిగతా కంపెనీలు బెదిరిపోయాయి. 1988లో ఐబీఎం, డిజిటల్, హెచ్‌పీ వగైరాలు కలిసి ఓపెన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాయి. దానికి పోటీగా ఏటీ అండ్ టీ పక్షం యూనిక్స్ ఇంటర్నేషనల్ పెట్టింది. ఒకరిది మోటిఫ్ అనే తెర, ఇంకొకరిది ఓపెన్ లుక్ అనే తెర. రెండు శిబిరాలూ జపించిన మంత్రం ఒకటే: ఓపెన్. బోర్డు మీద ఓపెన్, తలుపుకి తాళం.

ఈ గొడవల మధ్య పనికొచ్చే సంగతి ఒకటి జరిగింది. 1988లోనే పోసిక్స్ అనే ప్రమాణం వచ్చింది. యూనిక్స్ లాంటి ఏ సిస్టమ్ అయినా బయటికి ఎలా ప్రవర్తించాలో చెప్పే ఉమ్మడి నియమావళి అది. ఇవాళ్టికీ వాడుకలో ఉంది. కానీ శిబిరాలు రాజీకొచ్చింది 1993లో. ఆ ఏడాది జూలైలోనే మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీని విడుదల చేసింది. అన్నదమ్ములు వాటాలు తేల్చుకునేలోగా పొలంలో మూడోవాడు దిగాడు.

"చీలికలే యూనిక్స్‌ని దెబ్బతీశాయి" అని చాలామంది రాస్తారు. అందులో కొంత నిజముంది. కానీ అప్పటి చీలికలు ఎలాంటివి? సన్ చేసిన మంచి మార్పు హెచ్‌పీ తీసుకోలేదు. హెచ్‌పీ దిద్దిన తప్పు ఐబీఎం చూడలేదు. విడిపోయాక కలిసే దారి లేదు. ముక్కలు అంటే ఇవీ.

3. బీఎస్‌డీ పిల్లలు

బర్క్‌లీ వాళ్లు తమ కోడ్‌లోంచి ఏటీ అండ్ టీ భాగాలను ఏరేసి, సొంతంగా తిరగరాస్తూ వచ్చారు. 1991లో దాదాపు మొత్తం స్వేచ్ఛగా ఇచ్చేశారు. 1992లో ఏటీ అండ్ టీకి చెందిన యూనిక్స్ సంస్థ కోర్టుకెక్కింది. రెండేళ్ల తర్వాత 1994లో రాజీ కుదిరింది. దాదాపు 18,000 ఫైళ్లలో తీసేయాల్సి వచ్చినవి 3. మూడంటే మూడు ఫైళ్లు! కానీ ఆ రెండేళ్లూ బీఎస్‌డీ నెత్తిన కత్తి వేలాడింది. కంపెనీలు దగ్గరికి రాలేదు.

ఆ కాలంలోనే పీసీ మీద నడిచే బీఎస్‌డీ నుంచి రెండు బృందాలు పుట్టాయి. 1993లో నెట్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ. ఒకరికి ఎన్ని రకాల మెషీన్ల మీద వీలైతే అన్నిటి మీదా నడవాలి. ఇంకొకరికి మామూలు పీసీ మీద గట్టిగా నడవాలి. తర్వాత నెట్‌బీఎస్‌డీలో గొడవొచ్చి థియో డి రాడ్ట్‌ని బయటికి పంపారు. ఆయన 1995లో ఓపెన్‌బీఎస్‌డీ మొదలుపెట్టాడు. ఆయనకు భద్రతే ప్రాణం.

ఇది చేదు చీలిక. మనుషులు మాట్లాడుకోలేనంత చేదు. దాని ఫలితం మాత్రం చూడండి. 1999లో ఆ బృందం నుంచి ఓపెన్ఎస్ఎస్‌హెచ్ వచ్చింది. దూరంగా ఉన్న సర్వర్లోకి భద్రంగా వెళ్లే సాధనం అది. ఇవాళ లినక్స్‌లో, ఆపిల్ మ్యాక్‌లో, చివరికి విండోస్‌లో కూడా అదే ఉంది. తగాదా పడి వెళ్లినవాళ్లు చేసిన తాళంచెవుల గుత్తిని అందరూ వాడుకుంటున్నారు. మనుషుల మధ్య తలుపులు మూసుకున్నా కోడ్‌కి తలుపులు తెరిచే ఉన్నాయి కాబట్టి ఇది కుదిరింది.

4. తిరిగొచ్చే దారి

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1989లో దాని కోసం జీపీఎల్ లైసెన్స్ రాశాడు. దాని సారం ఇది. వాడుకో, చదువు, మార్చుకో, పంచుకో, కావాలంటే అమ్ముకో. మార్చినదాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మాత్రం వాళ్లకు సోర్స్ కూడా ఇవే హక్కులతో ఇవ్వాలి. నువ్వు తోడుకున్న బావికి నువ్వే తాళం వేయడం కుదరదు.

బీఎస్‌డీ లైసెన్స్‌లో ఈ షరతు లేదు. తీసుకెళ్లి దాచుకోవచ్చు కూడా. సోనీ ప్లేస్టేషన్ 4లో ఫ్రీబీఎస్‌డీ కోడ్ అలాగే చేరింది. షరతు లేకపోవడమే నిజమైన స్వేచ్ఛ అని బీఎస్‌డీ వాళ్ల వాదన. ఆ వాదనకు బలం లేకపోలేదు. నా మొగ్గు మాత్రం జీపీఎల్ వైపు.

1991 ఆగస్టు 25న, హెల్సింకీ యూనివర్సిటీలో చదువుతున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ప్రకటించాడు. 1992లో దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చాడు. కెర్నల్ లినక్స్‌ది, చుట్టూ ఉన్న సరంజామా చాలావరకు గ్నూది.

జీపీఎల్ ఎలా పనిచేసిందో చెప్పే మంచి ఉదాహరణ జీసీసీ. కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ అది. గ్నూ వాళ్లదే. అది నెమ్మదిగా, కొద్దిమంది చేతుల్లో సాగుతోందని విసిగి, 1997లో కొందరు విడిపోయి ఈజీసీఎస్ అని వేరుకుంపటి పెట్టారు. వాళ్ల పని చురుగ్గా సాగింది. 1999లో ఆ చీలిక బృందం చేసినదాన్నే అసలు జీసీసీగా గ్నూ ఒప్పుకుంది. విడిపోయినవాళ్లే వారసులయ్యారు. పాత ఇంట్లో మాట వినబడనప్పుడు బయటికెళ్లి, పని చేసి చూపించి, తిరిగొచ్చారు.

చీలిపోయే హక్కు ఉన్నందువల్ల పెద్దవాళ్లు మాట వింటారు. ఆ హక్కు లేనిచోట ఐక్యత అంటే అణిగి ఉండడమే.

5. డిస్ట్రోలు, వాటి ఖరీదు

కెర్నల్ ఒక్కటే ఉంటే సరిపోదు. దానికి కావలసినవన్నీ చేర్చి, ఇన్‌స్టాల్ చేసుకునేలా కట్టిన మూటని డిస్ట్రో అంటారు. 1992లో ఎస్ఎల్ఎస్ అనే డిస్ట్రో ఉండేది. దాని లోపాలు భరించలేక 1993లో రెండు పుట్టాయి. పాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్, ఇయాన్ మర్డాక్ డెబియన్. స్లాక్‌వేర్ నుంచి జర్మనీలో సూసే వచ్చింది. డెబియన్ నుంచి 2004లో ఉబుంటు, ఉబుంటు నుంచి 2006లో మింట్. ఇంకోవైపు రెడ్ హ్యాట్ కుటుంబం. డెబియన్ ఏ కంపెనీదీ కాదు. వాలంటీర్లు రాసుకున్న రాజ్యాంగంతో, ఓట్లతో నడుస్తుంది.

ఒకరికి పాత మెషీన్ మీద నడవాలి. ఒకరికి పదేళ్లు కదలకుండా నడిచే సర్వర్ కావాలి. ఒకరికి బడిపిల్లలకు మాతృభాషలో కావాలి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు తమ పాఠ్యక్రమానికి తగ్గట్టు సొంత లినక్స్ చేసుకున్నాయి. సీడాక్ సంస్థ 2007లో డెబియన్ ఆధారంగా బాస్ తెచ్చింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగు డెస్క్‌టాప్‌తో డిస్ట్రో చేసింది. వీళ్లెవరూ అమెరికాలో ఎవరి అనుమతీ అడగలేదు. మార్కెట్ చిన్నదని ఎవరూ తిప్పిపంపలేదు.

ఇప్పుడు రెండో వైపు కూడా చూడాలి. ఈ వైవిధ్యానికి ఖరీదుంది. ఆ ఖరీదు కట్టేది తరచుగా కొత్తగా వచ్చినవాళ్లు. డెబియన్ కుటుంబానికి ఒక రకం ప్యాకేజీ, రెడ్ హ్యాట్ కుటుంబానికి ఇంకో రకం. ఒక డిస్ట్రోలో ఉన్న లైబ్రరీ వెర్షన్ ఇంకోదానిలో ఉండదు. టోర్వాల్డ్స్ అంతటివాడే 2014లో డెబియన్ వాళ్ల సమావేశంలో నిలబడి, డెస్క్‌టాప్ యాప్‌ని అన్ని డిస్ట్రోలకూ తయారుచేయడం నరకంగా ఉందని కోప్పడ్డాడు. ఒక సహాయం కోసం వెతికిన విద్యార్థికి మూడు డిస్ట్రోలకు మూడు జవాబులు దొరికితే, వాడు విండోస్‌కి తిరిగెళ్లిపోతాడు. వాణ్ని తప్పుపట్టలేం.

దీన్ని పైనుంచి సరిచేయాలని చూశారు. 2001లో లినక్స్ స్టాండర్డ్ బేస్ మొదటి వెర్షన్ వచ్చింది. పెద్దగా పట్టు దొరకలేదు. 2015లో డెబియన్ దాన్ని వదిలేసింది. 2002లో నాలుగు కంపెనీలు యునైటెడ్ లినక్స్ అని ఒక్కటయ్యాయి. అందులో ఒకటైన ఎస్‌సీఓ 2003లో లినక్స్ మీదే కత్తిగట్టి ఐబీఎంపై దావా వేసింది. ఆ ఐక్యత ముగిసిపోయింది. ప్యాకేజీల గొడవ తీర్చడానికి ఏ డిస్ట్రోలోనైనా నడిచే పద్ధతి కనిపెడదామనుకుంటే, స్నాప్, ఫ్లాట్‌పాక్, యాప్ఇమేజ్ అని మూడు పద్ధతులు తయారయ్యాయి. నవ్వొస్తుంది కదా!

కింది నుంచి కుదిరిన ఐక్యత మాత్రం నిలిచింది. అందుకు సాక్ష్యం మన తెలుగు అక్షరమే.

6. జ్ఞా కథ

నేను పరిశోధన చేసే రోజుల్లో పాత వ్యాసాల డీటీపీ ఫైళ్లు కొన్ని సంపాదించాను. తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, చుక్కలు కలగాపులగంగా ఉన్నాయి. ఆ ఫైల్ టైప్ చేసిన ఫాంటు నా దగ్గర లేదు. యూనికోడ్‌కి ముందు తెలుగు డీటీపీలో ఒక్కో కంపెనీ తెలుగు ముక్కల్ని ఒక్కో చోట పెట్టి, ఆ లెక్కని తన దగ్గరే ఉంచుకుంది. ఒకరి ఫైల్ ఇంకొకరికి అర్థం కాదు. ఎన్నో ఏళ్ల తెలుగు రాత ఇంకా ఆ తాళాల వెనకే ఉంది. ఫాంట్లు చాలా ఉండడం తప్పు కాదు, అవి అందం. కింద ఉండాల్సిన లెక్క ఉమ్మడిగా లేకపోవడం తప్పు.

1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లో తెలుగు ఉంది. అయితే కోడ్ ఉంటే చాలదు. క, పొల్లు, ష వరసగా వస్తే క్ష అని కలిపి చూపించాలి. ఒత్తు కిందికి వెళ్లాలి, గుణింతం పైన కూర్చోవాలి. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్‌ని షేపింగ్ ఇంజన్ అంటారు. లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్‌కి పాంగోలో ఒకటి, కేడీఈకి క్యూటీలో ఇంకొకటి ఉండేవి. రెంటికీ మూలం ఒకటే కోడ్. విడిపోయి వేర్వేరుగా పెరిగాయి. అంటే ఒకచోట తెలుగు ఒత్తు దిద్దితే రెండోచోట తప్పు అలాగే ఉండేది.

తర్వాత ఆ రెండు బృందాలూ తమ కోడ్‌ని మళ్లీ ఒకచోట చేర్చాయి. దానికి హార్ఫ్‌బజ్ అని పేరు. పారసీ మాట. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. ఉర్దూ తెలిసిన హైదరాబాదీలకు హర్ఫ్ కొత్త మాట కాదు. ఇవాళ ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి. గ్నోమ్, కేడీఈ ఇప్పటికీ వేరువేరే. వాటి పోటీ ఆగలేదు. కింద అక్షరం పేర్చే పని మాత్రం ఉమ్మడి. అక్కడ ఎవరు ఒక ఒత్తు సరిచేసినా అందరికీ సరవుతుంది.

దీనికి ఎదురుగా 2018 ఫిబ్రవరి సంగతి గుర్తుచేసుకోండి. జ్ఞా అనే తెలుగు అక్షరం ఒక ప్రత్యేకమైన కోడ్ వరసలో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా తెలుగు అక్షరాన్ని బాంబులా చూసి నవ్వుకుంది. తప్పు అక్షరానిది కాదు, ఆపిల్ షేపింగ్ కోడ్‌ది. ఆ కోడ్ మూసి ఉంది. తెలుగు తెలిసిన ప్రోగ్రామర్లు ఎంతమంది ఉన్నా తెరిచి చూసే దారి లేదు. ఆపిల్ అప్‌డేట్ పంపేదాకా ఎదురుచూడాల్సిందే. ఒక్కటే ఉంటే బలం అనేవాళ్లు ఇది మరచిపోకూడదు. ఒక్కటే ఉన్నప్పుడు పడితే అందరం ఒకేసారి పడతాం.

7. ముక్కలు అనే మాటతో బెదిరింపు

ఆండ్రాయిడ్‌కి కెర్నల్ లినక్స్‌దే. గూగుల్ చేసిన కెర్నల్ మార్పులు కొన్ని 2010లో ప్రధాన లినక్స్ నుంచి బయటికి వెళ్లి, 2012లో తిరిగి కలిశాయి. అదంతా ఆరోగ్యంగానే జరిగింది. అసలు కథ పైన ఉంది.

ప్లే స్టోర్ కావాలనుకునే ఫోన్ కంపెనీలతో గూగుల్ ఒక ఒప్పందం చేయించుకునేది. పేరు యాంటీ ఫ్రాగ్మెంటేషన్ అగ్రిమెంట్. ముక్కలు కాకుండా కాపాడే ఒప్పందమట! దాని ప్రకారం ఆ కంపెనీ గూగుల్ ఆమోదించని ఆండ్రాయిడ్ రూపాన్ని తన ఏ ఒక్క మోడల్‌లోనూ పెట్టి అమ్మకూడదు. 2012లో చైనా అలీబాబా తయారుచేసిన అలియున్ సిస్టమ్‌తో ఏసర్ ఒక ఫోన్ తేబోయి, గూగుల్ అభ్యంతరంతో చివరి నిమిషంలో ఆపేసింది. కోడ్ ఓపెన్. దాన్ని మార్చి అమ్మే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండకూడదు.

2018 జూలైలో యూరోపియన్ కమిషన్ ఈ తరహా షరతుల మీద గూగుల్‌కి 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. కోర్టులో అది కొంత తగ్గింది. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. దాని మీదా అప్పీళ్లు నడిచాయి.

ఆండ్రాయిడ్‌లో నిజమైన ముక్కలు లేవా అంటే, ఉన్నాయి. చవక ఫోన్ కొన్న విద్యార్థికి ఒకటి రెండేళ్ల తర్వాత అప్‌డేట్ రాదు. కానీ అది ఎక్కడ ముక్కలైందో చూడండి. చిప్ కంపెనీ తన డ్రైవర్లని మూసి పెట్టింది. ఫోన్ కంపెనీ బూట్‌లోడర్‌కి తాళం వేసింది. తాళం తీయగలిగిన కొన్ని మోడళ్లకు లీనియేజ్ఓఎస్ లాంటి వాలంటీర్ బృందాలు కొత్త ఆండ్రాయిడ్ ఇచ్చి మళ్లీ బతికించాయి. తాళం ఉన్నచోట ముక్కలు, లేనిచోట మరమ్మతు.

8. తాళాలు మళ్లీ పడతాయి

జీపీఎల్ వచ్చింది కాబట్టి ఇక భయం లేదనుకోవద్దు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ కోడ్‌ని తీసుకుని ఉచితంగా ఇచ్చే సెంట్ఓఎస్ 2004 నుంచి ఉండేది. ఖర్చు పెట్టుకోలేని చిన్న సంస్థలకు, కాలేజీలకు అప్పట్లో అదే దిక్కు. 2014లో రెడ్ హ్యాట్ దాన్ని తనలో కలుపుకుంది. 2019లో ఐబీఎం రెడ్ హ్యాట్‌ని కొన్నది. 2020 డిసెంబర్‌లో సెంట్ఓఎస్ 8కి 2021 చివరితో సరి అని ప్రకటించారు. అప్పటిదాకా 2029 వరకు అన్న మాట ఉంది.

కొన్ని నెలల్లోనే 2021లో అల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి. తాళం వేయబోతే పక్కన రెండు మెట్లబావులు తవ్వుకున్నారు. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ సోర్స్‌ని బహిరంగంగా పెట్టడం మానేసి, కస్టమర్లకు మాత్రమే ఇస్తామంది. అందరికీ సెంట్ఓఎస్ స్ట్రీమ్ చూపించింది. లైసెన్స్ అక్షరం తప్పలేదని వాళ్లంటారు. స్ఫూర్తి తప్పిందని సముదాయం అంటుంది. ఆ వాదన ఇంకా నడుస్తోంది.

ఇందాక చెప్పిన స్నాప్, ఫ్లాట్‌పాక్‌లను కూడా ఈ లెక్కలో చూడండి. ఫ్లాట్‌పాక్‌లో ఎవరైనా సొంత భాండాగారం పెట్టుకోవచ్చు. స్నాప్‌లో దుకాణం ఒక్కటే, దాని సర్వర్ కోడ్ ఉబుంటు కంపెనీ దగ్గరే ఉంటుంది. 2020లో మింట్ తన డిస్ట్రోలో స్నాప్‌ని ముందస్తుగా ఆపేసింది. పైకి రెండు ప్యాకేజీ పద్ధతుల తగాదాలా కనిపిస్తుంది. లోపల ఉన్నది తాళంచెవి ఎవరిదన్న తగాదా.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. బావి అందరిదీ అయినప్పుడు పూడిక తీసేవాడు ఎవరు? ఇంటర్నెట్‌లో సగం భద్రత మోసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌ని వేళ్ల మీద లెక్కపెట్టగల మనుషులు చూసుకునేవాళ్లు. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే రంధ్రం బయటపడ్డాకే పెద్ద కంపెనీలు డబ్బులు తీశాయి. హక్కుతో పాటు చాకిరీ కూడా ఉమ్మడిగా ఉండాలి. లేకపోతే ఆ చాకిరీ ఎప్పటిలాగే ఎవరో కొద్దిమంది నెత్తిన పడుతుంది.

9. విద్యార్థి ప్రశ్నకు జవాబు

అందరూ కలిసి ఒక్కటే చేసి ఉంటే మైక్రోసాఫ్ట్‌ని దాటేవాళ్లా? డెస్క్‌టాప్ మీద ఏమో గానీ, 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని 500 అతిపెద్ద సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్‌ ఉంటే అదీ లినక్సే. ఇన్ని కుంపట్లుండీ ఇది జరిగింది. కింద కెర్నల్ ఒకటే కాబట్టి, అది అందరికీ తెరిచి ఉంది కాబట్టి జరిగింది.

మీ కాలేజీ ల్యాబ్‌లో ఏ సిస్టమ్ పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు, లేదా ఫలానా బృందం చీలిపోయిందని వార్త విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి.

విడిపోయినవాళ్లు చేసిన మంచి పని మిగతావాళ్లు తీసుకోగలరా?

విడిపోయినవాళ్లు కావాలంటే తిరిగి రాగలరా?

"ముక్కలైపోతున్నాం" అని గోల పెడుతున్నది ఎవరు? ఇబ్బంది పడుతున్న కొత్త విద్యార్థా, తాళంచెవి చేతిలో ఉన్న పెద్దమనిషా?

మొదటి రెండిటికీ అవును అని జవాబొస్తే భయపడకండి, అది కొమ్మ. గోల పెట్టేది విద్యార్థి అయితే అతని పక్కన కూర్చుని సాయం చేయండి, ఇన్‌స్టాల్ చేసి ఇవ్వండి, తెలుగులో ఒక గైడు రాయండి. పెద్దమనిషి అయితే మాత్రం ఆయన చేతిలో తాళంచెవి ఉందేమో చూడండి.

వచ్చే భాగంలో యూనికోడ్‌లోకి తెలుగు ఎలా వచ్చిందో, అంతకుముందు ఇస్కీ అనే ప్రమాణం ఏం చేసిందో రాస్తాను. లినక్స్ ఇన్‌స్టాల్ చేసి విసిగిపోయి తీసేసినవాళ్లు ఎక్కడ విసిగారో కింద రాయండి. వాదించండి, ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదనే రాయండి.